ఊరి మధ్య లేని గీత

భిలాయికి ఎవరైనా యాత్రకి వెళ్తారా అని మా స్టాఫ్‌రూమ్‌లో ఒకటే నవ్వు. కాశీకి వెళ్లొచ్చినవాళ్లున్నారు, ఊటీకి వెళ్లొచ్చినవాళ్లున్నారు. ఉక్కు ఫ్యాక్టరీ ఊరికి ఆరుగురు పిల్లల్ని వెంటేసుకుని డిసెంబరు చలిలో వెళ్లొచ్చినదాన్ని నేనొక్కదాన్నే. "ఏం చూశారు మేడమ్?" అని అడిగితే ఇన్నాళ్లూ ఏదో ఒకటి చెప్పి తప్పించుకున్నాను. పొద్దున్న పూట తినే పోహా బావుంటుందన్నాను. రోడ్లు వెడల్పు, రోడ్డుకిరువైపులా చెట్లన్నాను. అవి అబద్ధాలు కావు. కానీ నేను చూసింది వేరే ఉంది, అది రాసేస్తే తప్ప నా మనసు కుదుటపడేలా లేదు.

కంప్యూటర్ గదిలో

నేను విజయనగరం వైపు ఒక వ్యవసాయ కళాశాలలో ఇరవై ఏళ్లుగా పాఠాలు చెప్తున్నాను. నా సబ్జెక్టు వ్యవసాయ పర్యావరణం. పొలం అంటే పైరు ఒక్కటే కాదు, దాని గట్టు, గట్టు మీద చెట్టు, పక్కన చెరువు, చెరువులో దిగే గేదె, ఆ గేదె పేడ, ఇవన్నీ ఒకదానికొకటి ఆసరా అయితేనే సేద్యం అని చెప్పే చదువు. బోర్డు మీద సుద్దముక్కతో ఊళ్లు గీసి గీసి నా భుజం పడిపోయింది. అలాంటిది, ఆకాశంలోంచి తీసిన ఫోటోలు ఇంటర్నెట్‌లో ఊరికే చూడొచ్చని తెలిసిన రోజు నేను చిన్నపిల్లలా సంబరపడ్డాను. మా కంప్యూటర్ గదిలో పది మిషన్లుంటే ఆరు పనిచేస్తాయి. ఫోటో గళ్లు గళ్లుగా, తాపీగా వస్తుంది. అయినా సరే, పిల్లలు నోళ్లు తెరుచుకుని చూశారు.

చిక్కేమిటంటే మా జిల్లా తెరిస్తే అంతా మసక. మా ఊరుండాల్సిన చోట మబ్బు. అప్పుడు రూతు లేచింది. రూతు భిలాయిలో పుట్టి పెరిగిన పిల్ల. వాళ్ల నాన్న అక్కడ ఉక్కు ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యాడు. తెలుగు మాట్లాడుతుంది గానీ చదవడం రాదు, మధ్యలో హిందీ దొర్లిపోతుంది. "మేడమ్, మా వైపు ఫోటో ఏక్‌దమ్ సాఫ్ ఉంటది. చూడండి" అంది. నిజమే. ఉక్కు ఫ్యాక్టరీ ఉందని కాబోలు, అక్కడి ఫోటోలో గట్ల మీద తుమ్మచెట్లు కూడా లెక్కపెట్టొచ్చు. ఫ్యాక్టరీకి సున్నపురాయి తవ్వే నందిని గనుల పక్కన ఒక పల్లెని ఎంచుకున్నాం. దాని పేరు ఇక్కడ రాయను. ఎందుకో చివరికొచ్చేసరికి మీకే తెలుస్తుంది.

నాలుగు నెలలు ఆ ఊరిని గీశాం. పంట ఉంటే పచ్చ రంగు, నీళ్లుంటే నీలం, బీడైతే పసుపు. ఒక రోజు రూతు నన్ను పిలిచి, ఊరి పొలాల మధ్యగా తాడు లాగినట్టున్న ఒక తిన్నని గీత చూపించింది. గీతకి ఇటు పచ్చ, అటు మట్టిరంగు.

"మేడమ్, ఈ సీదా గీత ఏటి?"

"కాలువ. గీతకి ఇటు ఆయకట్టు, అటు బీడు. మన వంశధార కాలువ కింద ఎలా ఉంటుంది? గట్టుకి ఇవతల పైరు, అవతల ఎండు."

"కాలువ కనపడట్లే మేడమ్."

"చెట్ల కింద ఉంటుంది. నువ్వు ముందు రంగు వెయ్యి, తర్వాత వాదించు."

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లంటారే, ఆ మనిషిని నేనే. రూతు పసుపు వేసింది. పూర్తయిన మ్యాప్‌ని అందరూ చూసేలా ఇంటర్నెట్‌లో పెట్టాం. కింద మా కాలేజీ పేరు, ఆరుగురు పిల్లల పేర్లు, 'పర్యవేక్షణ' అని నా పేరు. ప్రిన్సిపల్ గారు భుజం తట్టారు. ఇక గీసిన ఊరిని కాళ్లతో నడిచి సరిచూసుకుంటే పాఠం ముగుస్తుంది. అందుకే ఈ ప్రయాణం.

రుఆబాంధా

రాయగడ, టిట్లాగఢ్ మీదుగా ఒళ్లు హూనమైన రైలు ప్రయాణం చేసి భిలాయి పవర్‌హౌస్ స్టేషన్‌లో తెల్లారి దిగాం. ఆ చలి మన చలి కాదు. మన వైపు డిసెంబరంటే ఒక దుప్పటి. అక్కడ పళ్లు టకటకా కొట్టుకున్నాయి. స్టేషన్ బయట బండి మీద పోహా ప్లేటు ఐదు రూపాయలు. అటుకులు, పైన కారప్పూస, పక్కన వేడి జిలేబీ. పొద్దున్నే తీపేంటని నేను జిలేబీ వద్దంటే, బండి ఆయన నేనేదో తప్పు మాట అన్నట్టు చూసి, ఒకటి ఊరికే వేశాడు.

రూతు వాళ్లది రుఆబాంధాలో క్వార్టరు. వాళ్ల నాన్న యేసుపాదం గారు గేటు దగ్గరే నిలబడి ఉన్నారు. టెక్కలి దగ్గర పల్లె నుంచి పద్దెనిమిదేళ్ల వయసులో వచ్చి, కోక్ ఓవెన్ల దగ్గర ముప్పయ్యారేళ్లు పనిచేసిన మనిషి. ముంజేతుల మీద పాత కాలిన మచ్చలు. క్వార్టరు వెనక ఆయన వేసిన గోంగూర, ములగ చెట్టు, ఆనపపాదు చూసేసరికి నాకు ప్రాణం లేచొచ్చింది.

"వచ్చీసేరా మేడమ్ గారూ! రైల్లో ఏటైనా తిన్నారా నేదా? ఈ పిల్లకి మీరంటే ఎంత భయమో తెలుసా అండీ? ఫోన్ చేస్తే మీ మాటే."

"భయమెందుకండీ, నేనేం పులినా?"

"పులి కాదు నాన్నా, షేర్నీ" అంది రూతు లోపల్నుంచి, ఆడపులి అని. పిల్లలంతా పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. ఈ ప్రయాణంలో మనసారా నవ్వింది ఆ పూటే.

భోజనాల దగ్గర యేసుపాదం గారు మేం గీసిన మ్యాప్ చూశారు. కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూసి, "ఈ టౌన్‌షిప్పు కట్టక ముందు ఇక్కడా పల్లెలేనండీ. మేం వచ్చేసరికి పొలాలన్నీ పోయి క్వార్టర్లు లేచీసేయి. ఈ గోంగూర మడి కింద ఎవరి వరిచేను ఉండేదో ఏటో, ఎప్పుడైనా అనుకుంటాను" అన్నారు. ఆయన మామూలుగానే అన్నారు. నేనూ మామూలుగానే విని, ఇంకొంచెం గోంగూర వేయించుకున్నాను.

నీలం నీళ్లు

మర్నాడు జీపు మాట్లాడుకుని బయల్దేరాం. డ్రైవరు ఏదో సామాను దింపాలని హథ్‌ఖోజ్ మీదుగా తీసుకెళ్లాడు. రోడ్డుకి రెండు వైపులా రేకుల షెడ్లు, లేత్ మిషన్లు, ఇనుము కోస్తుంటే రాలే నిప్పురవ్వలు. అక్కడ దుమ్ము నల్లగా ఉంటుంది. అరగంటలో నా తెల్ల చీర బూడిదరంగుకి తిరిగింది. "మేడమ్, హథ్‌ఖోజ్‌కి తెల్ల చీర ఎవరూ కట్టరు" అని రూతు అప్పుడు చెప్పింది, ముందు చెప్పకుండా.

నందిని దాటి ఆ పల్లె పొలిమేరకి చేరగానే మొదటి దెబ్బ తగిలింది. మేం మ్యాప్‌లో 'సాగునీటి చెరువు' అని నీలం రంగు వేసినది వదిలేసిన సున్నపురాయి గొయ్యి. తవ్వకం ఆగాక వాననీళ్లు నిండాయి. నీళ్లు చిక్కటి నీలంగా, చూడముచ్చటగా ఉన్నాయి. లోతు మాత్రం తాటిచెట్లు మునిగేంత. ఒడ్డు నిటారుగా ఉంది, గేదె దిగే దారే లేదు. మా వాళ్లలో ఒకడు అంచు దాకా వెళ్లి తొంగిచూడబోతే చెప్పు జారి నీళ్లలో పడిపోయింది. ఆ రోజంతా వాడు ఒంటి చెప్పుతో కుంటాడు. "రాసుకోండర్రా, పైనుంచి చూస్తే గొయ్యీ చెరువూ ఒకటే" అని నేను అక్కడికక్కడే పాఠం చెప్పేశాను. తప్పు కూడా పాఠమే కదా అని మురిసిపోయాను కూడా. తప్పు మనది, నష్టం ఎవరిదీ కానంతవరకే ఆ మురిపెం.

కాలువ కోసం

తర్వాత మ్యాప్ చేత్తో పట్టుకుని గీత కోసం నడిచాం. వరి కోతలైపోయాయి. కొయ్యకాళ్ల మధ్య నుంచి ఏదో లేత పైరు జానెడెత్తు లేచి ఉంది, చూపు ఆనినంత మేర పచ్చగా. గీత ఉండాల్సిన చోటికి వచ్చాం. కాలువ లేదు. అటు నడిచాం, ఇటు నడిచాం. పిల్ల కాలువ కూడా లేదు.

పైరులో వంగి ఆకు తుంచుతున్న ఒకామె మమ్మల్ని కాసేపు చూసి నడుం నిలబెట్టింది. నలభై దాటిన మనిషి, మోకాళ్ల పైకి బిగించిన చీర, చేతుల మీద పచ్చబొట్లు.

"కా ఖోజత్ హవ దీదీ?" అంది. ఏం వెతుకుతున్నారని.

రూతుకి ఛత్తీస్‌గఢీ బాగా వచ్చు. కాలువ వెతుకుతున్నామని చెప్పింది. ఆమె కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. ఇక్కడ కాలువెక్కడిది, మా తాతల నుంచీ వానే కాలువ అంది. ఆమె పేరు బిసాహిన్. పెనిమిటి గనిలో లోడింగు పనికి వెళ్తాడు. సేద్యమంతా ఆమె చేతి మీదే.

"ఈ పైరేంటి?" అని అడిగాను.

"తివరా. వరి కొయ్యడానికి పదిహేను రోజుల ముందు, కాళ్ల కింద తడి ఉండగానే చల్లేస్తాం. దున్నక్కర్లేదు, నీళ్లు పెట్టక్కర్లేదు. ఇప్పుడు ఆకు తింటాం, ఫాల్గుణంలో పప్పు."

తివరా అంటే కేసరి పప్పు. ఈ పద్ధతి నాకు తెలియనిదా? మా అమ్మ శ్రీకాకుళంలో ఏటేటా చేసిందే. వరి కోతకి ముందు చేలోకి మినుములు, పెసలు చల్లడం చూస్తూ పెరిగినదాన్ని నేను. అలాంటిది ఈ ఊరు గీసేటప్పుడు 'వరి తర్వాత ఏం వేస్తారు' అన్న ప్రశ్న కూడా నాకు తట్టలేదు. గీతకి ఇటూ అటూ చూశాను. రెండు వైపులా అదే పైరు. అప్పుడర్థమైంది ఆ గీత ఏమిటో. అది నేల మీద లేదు. వేర్వేరు నెలల్లో తీసిన రెండు ఫోటోలు పక్కపక్కన అతికించారు. ఒకటి వానలయ్యాక తీసింది, పచ్చగా ఉంది. ఇంకొకటి మండువేసవిలో తీసింది. వేసవిలో ఏ పొలం పచ్చగా ఉంటుంది? ఆ అతుకుని నేను కాలువ అన్నాను.

బాసీ అన్నం

బిసాహిన్ మమ్మల్ని వదల్లేదు. ఇంటికి తీసుకెళ్లింది. అక్కడో ఆచారం ఉంది. అతిథి గడప తొక్కగానే ఒక చెంబు నీళ్లు తెచ్చి ముందు పెడతారు. కాళ్లు కడుక్కుని కూర్చున్నాకే మాటలు. మనం 'ఎప్పుడొచ్చారు, ఎప్పుడెళ్తారు' అన్నీ గుమ్మంలోనే అడిగేస్తాం. నాకా చెంబు చాలా నచ్చింది. తర్వాత బాసీ పెట్టింది. రాత్రి అన్నంలో నీళ్లు పోసి ఉంచినది, మన చద్దన్నమే. దాంతోపాటు అప్పుడే తుంచిన తివరా ఆకు కూర, నూరిన టమాటా పచ్చిమిరప చట్నీ. నా పిల్లలు రెండోసారి పెట్టించుకున్నారు. ఒంటి చెప్పు వాడు మూడోసారి కూడా.

తింటుండగా ఆమె కళ్లు నా పక్కనున్న మ్యాప్ మీద పడ్డాయి.

"అరే, ఈ కాగితం మా ఇంట్లోనూ ఉంది" అంది.

లేచి వెళ్లి, బియ్యం కుండ వెనక నుంచి నాలుగు మడతల కాగితం తెచ్చి విప్పింది. మా మ్యాప్ జిరాక్సు. రంగులు పోయి అంతా నలుపూ తెలుపూ. మేం పచ్చ వేసిన చోటు నల్లగా పడింది. పసుపు వేసిన చోటు తెల్లగా, అక్కడసలు ఏమీ లేనట్టు ఉంది. కింద ఇంగ్లీషులో మా కాలేజీ పేరు, నా పేరు స్పష్టంగా ఉన్నాయి.

బిసాహిన్ చెప్పింది, రూతు తెలుగులో చెప్తూ వచ్చింది. ఊరి పక్కన ఏదో కొత్త ఫ్యాక్టరీ వస్తుందట. ఊరివాళ్లంతా గ్రామసభలో కూర్చుని, పంట పండే నేల ఇవ్వం, కావాలంటే బీడు తీసుకోండి అన్నారట. బీడుని వాళ్లు పడతీ అంటారు. సరే, ఏది పడతీయో ఏది పంటో మేమే తేలుస్తామని వచ్చినవాళ్లు అన్నారు. నెల తర్వాత ఈ కాగితం తెచ్చారు. ఇంటింటికీ ఒకటి పంచారు. నల్లగా ఉన్నవాళ్లు బతికిపోయారు, తెల్లగా ఉన్నవాళ్ల పొలం పోతుంది. బిసాహిన్ మరిది పొలం నలుపులో పడింది. ఆమె పొలంలో ఒక అంచు తప్ప మిగతాదంతా తెలుపులో పడింది. నల్లవాళ్లు ఒప్పుకుంటూ సంతకాలు పెట్టేసి, ఇప్పుడు తెల్లవాళ్లతో కళ్లు కలిపి మాట్లాడటం లేదు.

"మా పొలం ఎన్నడూ ఖాళీగా లేదు అని చెప్పాను. నువ్వు చెప్తే ఎలా, ఆంధ్రా నుంచి ఎవరో పెద్ద చదువులవాళ్లు ఆకాశంలోంచి చూసి రాశారన్నారు. పైనుంచి చూసినవాళ్లకి మా తివరా కనపడలేదా దీదీ?"

రూతు ఆ మాట తెలుగులో చెప్పి, నావైపు చూసింది. పిల్లలంతా ముద్ద ఆపి నావైపు చూశారు.

ఇక్కడ నేను చేసింది రాయడానికి నాకు సిగ్గుగా ఉంది. రాస్తున్నాను. "ఏం చెప్పకు, తిను" అని రూతుతో తెలుగులో అన్నాను. బిసాహిన్‌కి అర్థం కాని భాషలో, ఆమె పెట్టిన అన్నం ముందు కూర్చుని అన్నాను. మేం ఏ ఊరివాళ్లమో, నా చేతిలో మ్యాప్ ఎక్కడిదో ఆమె అడగలేదు. మేమూ తనలాగే ఎవరో ఇచ్చిన కాగితం పట్టుకుని తిరుగుతున్నాం అనుకుంది పాపం. నేను కంచం ఖాళీ చేశాను.

రూతు కోపం

సాయంత్రం రుఆబాంధాలో దిగగానే రూతు తిన్నగా పెరట్లోకి వెళ్లి కూర్చుంది. నేను వెళ్లాను.

"నేను అడిగాను మేడమ్. గీత ఏటి అని అడిగాను కదా. మీరు రంగు వెయ్యి అన్నారు."

"అన్నాను."

"పసుపు నా చేత్తో వేశాను. ఆమె నాకు ముందు పెట్టింది కూర, మంచిగా నవ్వుతున్నానని. ఎలా తినమన్నారు మేడమ్ మీరు?"

ఇరవై ఏళ్లలో ఏ స్టూడెంటూ నాతో అలా మాట్లాడలేదు. మాట్లాడితే ఊరుకునేదాన్నీ కాదు. ఆ పూట తల కొట్టేసినట్టయింది. యేసుపాదం గారు వచ్చి కూతుర్ని మందలించబోయారు. "వద్దండీ, అది అన్నదాంట్లో తప్పు లేదు" అన్నాను. జరిగింది చెప్పాను. ఆయన గోంగూర మడి వైపు చూస్తూ, "మనం ఎక్కడికెళ్లినా ఎవరిదో పొలం మీదే దిగుతామేటి మేడమ్ గారూ" అన్నారు. తిట్టినా అంత నొప్పి ఉండేది కాదు.

ఆఫీసు

మర్నాడు పొలాల వ్యవహారం చూసే ఆఫీసుకి వెళ్లాం, నేనూ రూతూ. రెండు గంటలు బెంచీ మీద కూర్చున్నాక ఒక అధికారి పిలిచారు. మర్యాదస్తుడే. టీ తెప్పించారు. నేను మ్యాప్ ముందు పెట్టి, తప్పు జరిగింది, ఈ గీత ఉత్త అతుకు, ఆ పొలాలన్నీ రెండు పంటల పొలాలు, నిన్న కళ్లారా చూశాను అని చెప్పాను. పిల్లలు తీసిన ఫోటోలున్నాయి, చూపిస్తాను అన్నాను.

ఆయన ఓపిగ్గా విన్నారు.

"మేడమ్, ఊరి రికార్డులో రెండో పంట గడి ఖాళీ. తివరాని ఎవరూ అందులో ఎక్కించలేదు. మీ మ్యాప్ కూడా పడతీ అంది. రెండూ ఒకటే మాట చెప్పాయి కాబట్టి ఫైలు పైకి వెళ్లిపోయింది."

"నాదే తప్పని నేనే చెప్తున్నాను కదండీ."

"అదే నా ఇబ్బంది. అప్పుడు కంప్యూటర్ ముందు కూర్చుని, ఎవరి మొహం చూడకుండా రాశారు. ఇప్పుడు వాళ్లింట్లో భోజనం చేసి వచ్చి చెప్తున్నారు. రెండిట్లో దేన్ని నమ్మమంటారు?"

అక్కడే కూర్చుని అర్జీ రాసిచ్చాను. నా సంతకం, కాలేజీ పేరు, తప్పంతా నాదేనన్న మాట, మూడూ పెట్టాను. తీసుకున్నట్టు ముద్ర కొట్టి ఇచ్చారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఏమిటో ఆ ముద్ర చూస్తుంటే తెలిసింది. బయటికొచ్చాక రూతు, "ఇది ఆమెకి ఇద్దామా మేడమ్?" అని అడిగింది. కాగితం కాదే, నేను వెళ్లి చెప్పాలి అన్నాను.

మళ్ళీ ఆ పొలం

ముందే చెప్పేస్తాను, ఆ పొలం మిగల్లేదు. మేం తిరిగొచ్చిన నెలన్నరకి యేసుపాదం గారు ఫోన్ చేశారు. తివరా గింజ కట్టకముందే బుల్డోజర్లు వచ్చాయట. నా అర్జీ ఎవరి బల్ల మీద ఉందో ఎవరికీ తెలీదు. ఇంటర్నెట్‌లో మ్యాప్ నేను తీసేశాను, జిరాక్సులు ఎలా తీస్తాను? ఆ ఊరి పేరు ఇక్కడ రాయనిది అందుకే. ఒకసారి ఆ ఊరి గురించి రాసి చేసింది చాలు.

కానీ మా ప్రయాణం చివరి రోజున ఆ పొలం ఇంకా ఉంది. మేం వెళ్లేసరికి బిసాహిన్ పైరు మధ్యలో వంగి ఉంది. మామూలుగా కొసలు మాత్రమే తుంచాల్సిన ఆకుని మొదలంటా కోసేస్తోంది. ఎందుకలా, గింజ కట్టదు కదా అని ఒక స్టూడెంటు అడిగాడు. గింజ కట్టేదాకా పొలం ఉండదు కదా నాయనా, ఆకైనా ఎండబెట్టి దాచుకుంటాను అంది.

నేను గట్టు మీదే నిలబడి, నాకొచ్చిన వంకర హిందీలో చెప్పాను. రూతుని చెప్పనివ్వలేదు. ఆ కాగితం నాదే అన్నాను. కింద ఉన్నది నా పేరు. పసుపు వెయ్యమన్నది నేను, పిల్లలది తప్పు కాదు. మొన్న మీ ఇంట్లో తిని కూడా చెప్పలేదు, ఆఫీసుకి వెళ్లాను, పని జరగలేదు. చెప్తూ చెప్తూ ఏడ్చేశాను. పిల్లల ముందు ఏడవడం అదే మొదటిసారి.

బిసాహిన్ కొడవలి పట్టుకునే విన్నది. తిడుతుందనుకున్నాను. తిడితే బావుండుననుకున్నాను. ఆమె కొడవలికి అంటుకున్న ఆకు దులిపింది. ఆ తర్వాత,

"ఒక్కసారి వచ్చి అడిగుంటే చెప్పేదాన్ని కదా దీదీ. మొన్న అడిగావు, చెప్పాను కదా" అంది.

తల వంచుకున్నాను.

"ఆ గీత నా పొలంలో ఎక్కడ పడిందో చూపించు" అంది.

మ్యాప్ తీశాను. మరిది పొలం వైపున్న తుమ్మచెట్టు నుంచి అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచి, పైరు మధ్యలో ఒకచోట ఆగాను. ఇక్కడే అన్నాను. ఆమె వచ్చి, నేను చూపించిన చోట ఒక కాలు ఇటు, ఒక కాలు అటు వేసి నిలబడింది. కిందకి చూసింది. కుడివైపు వంగి ఒక గుప్పెడు ఆకు కోసింది. ఎడమవైపు వంగి ఇంకో గుప్పెడు కోసింది. రెండూ తెచ్చి నా రెండు చేతుల్లో పెట్టింది.

"చదువుకున్నదానివి కదా దీదీ. వీటిలో పడతీలో మొలిచింది ఏదో చెప్పు."

వెటకారం లేదు ఆ మాటలో. నిజంగానే అడిగింది. రూతు పక్కనే ఉంది, తెలుగులో చెప్పలేదు. నాకు అర్థమైందని తనకి తెలుసు. రెండు చేతుల్లోకీ మార్చి మార్చి చూశాను. రెండూ ఒకటే ఆకు. బిసాహిన్ కొంగు దోపుకుని, మళ్ళీ ఆకు కొయ్యడానికి వంగింది.